ఊపిరి ముందా, గుండె ముందా

మత్తుమందుల కథ – 6వ భాగం

గత వారం ఎడిన్‌బరోలో, డాక్టర్ సింప్సన్ ఇంటి భోజనాల బల్ల దగ్గర ఆగాం. 1847 నవంబర్ 4 రాత్రి ఆయనా, ఆయన సహాయకులు ఇద్దరూ గ్లాసుల్లో క్లోరోఫాం పోసుకుని పీల్చి, కిందపడి, తెలివి వచ్చాక ఈథర్ కంటే ఇదే మేలని పొంగిపోయారు. ఆ సంబరం నిండా మూడు నెలలు నిలవలేదు.

1848 జనవరి 28న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ దగ్గర వింలేటన్ అనే ఊళ్లో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లకు కాలివేలి గోరు తీయాల్సి వచ్చింది. అంతకుముందు ఒక గోరును ఈథర్ మత్తులో తీశారు, ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి మాత్రం ఆ పిల్ల బాగా భయపడింది, ఏడ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి, బట్ట మీద చెంచాడు క్లోరోఫాం వేసి ముక్కు దగ్గర పట్టారు. అర నిమిషం గడిచింది. కోత పెట్టగానే ఒక్కసారి కాలు విదిల్చింది. అంతలోనే మొహం తెల్లగా పాలిపోయింది. మొహాన నీళ్లు చల్లారు, నోట్లో కాస్త నీళ్లు, బ్రాందీ పోశారు. మందు పీల్చడం మొదలైన మూడు నిమిషాల్లో ప్రాణం పోయింది.

ఒక గోరు కోసం ఒక పిల్ల ప్రాణం. ఎందుకు పోయిందో తేల్చడానికి డాక్టర్లకు అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ అరవై ఏళ్లలో మన హైదరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది. ఆ పాత్ర నాకు గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. రెండూ దాచకుండా చెబుతాను.

హానా చనిపోగానే వాదం మొదలైంది. మందు తప్పేమీ లేదు, నోట్లో పోసిన నీళ్లూ బ్రాందీ అడ్డం పడి ఊపిరాడక పోయిందన్నాడు సింప్సన్. లండన్‌లో జాన్ స్నో ఒప్పుకోలేదు. క్లోరోఫాం ఆవిరి ఒక్కసారిగా ఎక్కువ మోతాదులో లోపలికి పోయి గుండెనే ఆపేసిందన్నాడు. కలరా నీళ్ల ద్వారా పాకుతుందని చూపించిన స్నో ఈయనే. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫాం ఇచ్చిందీ ఈయనే. గాలిలో ఆవిరి ఎంత శాతం ఉండాలో లెక్కగట్టి, దానికోసం పరికరం తయారుచేసుకుని మరీ ఇచ్చేవాడు.

ఎడిన్‌బరో వాళ్లకు ఇన్ని లెక్కలు పట్టేవి కావు. సర్జరీలో అక్కడి పెద్దదిక్కు జేమ్స్ సైమ్. ఒక బట్ట మడత చాలు, మందు ధారాళంగా పొయ్యండి, నాడి సంగతి వదిలేసి ఊపిరినే చూడండి అనేవాడు. ముందు ఆగేది ఊపిరే కాబట్టి దాన్ని కనిపెట్టుకుని ఉంటే రోగికి ఢోకా లేదని ఆయన నమ్మకం. లండన్ డాక్టర్లేమో ఊపిరి బాగానే ఆడుతుండగా నాడి టక్కున ఆగిపోయిన కేసులు చూశామని రాస్తూ వచ్చారు.

మాటకు ఇది డాక్టర్ల గొడవలా ఉంటుంది. బల్ల మీద పడుకున్న మనిషికి మాత్రం చావుబతుకుల సంగతి. తలవైపు కూర్చుని మందు పట్టే మనిషి చెయ్యి నాడి మీద ఉండాలా, కన్ను ఛాతీ మీద ఉండాలా? అప్పటికి మానిటర్లు లేవు, వేలికి తగిలించే క్లిప్పులు లేవు. ఉన్నవల్లా రెండు కళ్లు, రెండు చేతులు, పట్టించుకునే మనసు.

సైమ్ దగ్గర చదువుకున్న ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. కోఠిలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్న ఆ స్తంభాల మేడే అప్పటి రెసిడెన్సీ. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, నిజాం ప్రభుత్వపు మెడికల్ స్కూల్ కూడా లారీ చేతికిందికి వచ్చాయి. ఆ స్కూల్ పెట్టింది 1846లో. బోస్టన్‌లో మోర్టన్ మొదటిసారి జనం ఎదుట ఈథర్ ఇచ్చి చూపిందీ ఆ ఏడే. ఈ రెండు సంగతులు ఒకే సంవత్సరంలో జరిగాయని చదివిన ప్రతిసారీ నాకు ఏదో ఆప్యాయంగా అనిపిస్తుంది.

మన ఎండలకు ఈథర్ పనికిరాదు. 35 డిగ్రీలు దాటకముందే అది మరుగుతుంది. హైదరాబాద్ వేసవిలో సీసా మూత తీస్తే బట్ట తడిచే లోపే ఆవిరైపోతుంది. పైగా దీపం దగ్గరుంటే భగ్గుమంటుంది. క్లోరోఫాం మరగాలంటే 61 డిగ్రీలు కావాలి, దానికి మంట అంటుకోదు, వాసన తియ్యగా ఉంటుంది, కొద్ది చుక్కలతో పని జరుగుతుంది. అందుకే ఈ దేశంలో కత్తి పట్టిన డాక్టర్లంతా క్లోరోఫాంనే నమ్ముకున్నారు. లారీ ఆసుపత్రిలో రోజూ అదే. మందు పట్టేది ఎక్కువగా స్కూల్ విద్యార్థులే. గురువుగారి ఆజ్ఞ ఒక్కటే: ఊపిరి చూడండి, ఇంకేమీ చూడొద్దు.

చావులు లేకుండా వేలాది ఆపరేషన్లు జరిగిపోతుంటే మనిషికి తన పద్ధతి మీద నమ్మకం గట్టిపడుతుంది. లారీకీ అదే జరిగింది. లండన్ వాళ్లను కూడా ఒప్పించాలన్న పట్టుదల వచ్చింది. నిజాం ప్రభుత్వాన్ని అడిగి 1888లో ఒక కమిషన్ వేయించాడు. మొత్తం 141 కుక్కలకు, మన వీధుల్లో తిరిగే మామూలు కుక్కలకు, రకరకాలుగా క్లోరోఫాం ఇచ్చి చూశారు. అన్నిటికీ ముందు ఊపిరే ఆగింది, తర్వాతే గుండె. 1889 మొదట్లో మెడికల్ స్కూల్ బహుమతుల సభలో, కనాట్ డచెస్ ఎదుట, లారీ ఈ సంగతి సగర్వంగా ప్రకటించాడు.

లండన్ వైద్య పత్రిక లాన్సెట్ మెత్తబడలేదు. మనుషుల్లో గుండె ఆగడం ఇంతమంది కళ్లారా చూశారే, వాళ్లందరి మాటా అబద్ధమా అని నిలదీసింది. అక్కడితో ఆగిపోవలసిన వాదమే. హైదరాబాద్ ఆగనివ్వలేదు. మీరు నమ్మే మనిషిని మీరే పంపండి, మా ఖర్చుతో, మా ఊళ్లో, మీ కళ్లెదుటే మళ్లీ చేద్దాం అని కబురు పెట్టి, అందుకు వెయ్యి పౌండ్లు ఇస్తామంది. అప్పుడు గద్దె మీద ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్.

ఒక దేశీ సంస్థానం, బ్రిటిష్ రెసిడెంట్ నీడలో బతుకుతున్న సంస్థానం, లండన్‌లోని పేరుమోసిన పత్రికను రుజువుకు రమ్మని పిలిచింది. ఈ సంగతి మన స్కూల్ పుస్తకాల్లోకి ఎక్కవలసినంతగా ఎక్కలేదని నా బాధ.

లాన్సెట్ ఎంచుకున్న మనిషి టి. లాడర్ బ్రంటన్, సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి డాక్టర్. గుండెనొప్పికి ఆమైల్ నైట్రైట్ పీల్పించవచ్చని 1867లోనే చూపినవాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదన్న నమ్మకంతోనే ఓడ ఎక్కాడు. 1889 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా రెండో కమిషన్ పని చేసింది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్‌తో పాటు ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు చెందిన బామ్‌ఫర్డ్, నిజాం వైద్యశాఖకు చెందిన డాక్టర్ రుస్తుంజీ హకీం సభ్యులు.

వాళ్లు పనిచేసిన తీరు కాస్త దగ్గరగా చూద్దాం.

కుక్కను బల్ల మీద వెల్లకిలా కట్టారు. మెడలో కొట్టుకునే ధమనిలోకి సన్నటి గొట్టం ఒకటి దూర్చారు. దాని రెండో కొస పాదరసం పోసిన వంపు గాజుగొట్టానికి తగిలించారు. గుండె కొట్టినప్పుడల్లా నెత్తురు నెడుతుంది, పాదరసం రవ్వంత లేస్తుంది, పడుతుంది. పాదరసం మీద తేలే బెండుకు ఒక పుల్ల నిలబెట్టారు. ఆ పుల్ల మొన పక్కనే తిరిగే డోలు. డోలుకు చుట్టిన కాగితానికి దీపపు మసి పట్టించారు. డోలు తిరుగుతుంటే పుల్ల మసిని గీరుతుంది, నల్లటి కాగితం మీద తెల్లటి గీత పడుతుంది. గుండె కొట్టుకున్నంతసేపూ ఆ గీతకు సన్నటి పళ్లు, రంపానికి ఉన్నట్టు. ఊపిరికి వేరే పుల్ల, వేరే గీత. ఛాతీ లేచి పడేకొద్దీ అలలు అలలుగా సాగుతుంది.

ఇప్పుడు క్లోరోఫాం పట్టారు. కాసేపు రెండు గీతలూ మామూలుగా నడిచాయి. తర్వాత రక్తపోటు గీత మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. ఊపిరి అలలు చిన్నవయ్యాయి, ఎడమయ్యాయి, చదునైపోయాయి. ఊపిరి ఆగింది. రక్తపోటు గీత ఇంకా సాగుతూనే ఉంది, బాగా కిందికి దిగినా, సన్నటి పళ్లతోనే. ఆ క్షణాన డోలును ఆపి, ఛాతీ నొక్కి వదులుతూ ఊపిరి ఆడిస్తే చాలా కుక్కలు మళ్లీ లేచేవి. ఆలస్యం చేస్తే పళ్లు కూడా మాసిపోయి గీత నేలకు దిగేది. ఆ మసి కాగితాలన్నిటికీ ఫొటోలు తీసి భద్రపరిచారు. వాదం ఎటు తిరిగినా కాగితం సాక్ష్యం చెప్పాలని.

కుక్కలతో ఆపలేదు. గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు. మామూలుగా గమనించినవి 490, ఈ పాదరసం యంత్రంతో కొలిచినవి 120. వాళ్ల ఓపికకు ఇంకో రుజువు చెబుతాను. గుండె ముందే జబ్బుపడి ఉంటే ఎలా అన్న అనుమానం తీర్చడానికి కొన్ని కుక్కలకు ముందు రోజుల్లో భాస్వరం తినిపించి, గుండెకు కొవ్వు పట్టేలా చేసి, అప్పుడు మందిచ్చారు. సగం మత్తులో కోత పెడితే ప్రమాదమన్న మాట ఉంది కదా అని, పూర్తిగా మత్తెక్కకముందే పళ్లు పీకారు, గోళ్లు ఊడదీశారు. గోళ్లు కూడా! వింలేటన్ పిల్ల వాళ్లందరి మనసుల్లో ఉందని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ మూగజీవాలు పడ్డ బాధను మాత్రం ఎవరూ లెక్క రాయలేదు. ఈ రోజైతే ఏ ఎథిక్స్ కమిటీ కూడా అందులో సగానికి అనుమతి ఇవ్వదు. మన అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల వీధుల్లో తిరిగే కుక్కల పెద్దలు కొందరు ఆ బల్లల మీద పోయారన్న మాట రాయకుండా ముందుకు పోవడం నాకు న్యాయం అనిపించలేదు.

ఎన్ని చేసినా ఒకే జవాబు. ఊపిరే ముందు ఆగింది. బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడంలోనో మోతాదు మించడంలోనో ఉందని, నేరుగా గుండెకు ఏమీ లేదని లాన్సెట్‌కు టెలిగ్రాం కొట్టాడు. 1890లో లాన్సెట్ పూర్తి నివేదిక అచ్చు వేసింది. హైదరాబాద్ పేరు ఎడిన్‌బరో నుంచి అమెరికా దాకా మత్తు వైద్యుల నోళ్లలో నానింది.

ఆ నివేదికలో డాక్టర్లకు చేసిన సూచనలు మంచివి. రోగి పడుకునే ఉండాలి. ఛాతీ మీద, పొట్ట మీద బిగుతు బట్టలు ఉండకూడదు. రోగి గింజుకోకుండా, ఊపిరి బిగబట్టకుండా మందు నెమ్మదిగా పట్టాలి. కనుగుడ్డు తాకితే రెప్ప కదలకపోతే మత్తు చాలు. ఊపిరి తడబడిందా, మందు ఆపి, కింది దవడ ముందుకు లాగి, నాలుక బయటికి తీసి, అవసరమైతే చేతులతో ఊపిరి ఆడించాలి. ఈ దవడ లాగడం ఈ రోజుకీ ప్రతి మత్తు డాక్టరూ చేసే మొదటి పనుల్లో ఒకటి. లారీ శిష్యులు ఊపిరి చూసే అలవాటుతో ఎందరి ప్రాణాలు నిలబెట్టారో.

కీడు రెండో సగంలో ఉంది. గుండెను చూడనక్కర్లేదు, నాడి మీద చెయ్యి వద్దు అన్న మాట కూడా అంతే గట్టిగా వెళ్లింది. ఆ మాట తప్పు.

తప్పని చూపడం వెంటనే మొదలైంది. 1890లోనే అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం పిల్లుల ఛాతీ తెరిచి, క్లోరోఫాం పడగానే గుండె సాగి, ఉబ్బి, బలం తగ్గడం కళ్లారా చూశాడు. 1893లో కేంబ్రిడ్జ్‌లో గాస్కెల్, షోర్ ఇద్దరూ నేర్పుగా ఇంకో పని చేశారు. ఒక జంతువు మెదడుకు వేరొక జంతువు నెత్తురు అందేలా నాళాలు కలిపారు. క్లోరోఫాం మెదడుకే చేరితే రక్తపోటు పడలేదు. గుండెకు చేరినప్పుడు పడింది. మసి కాగితం మీద గీత జారింది గుండె బలం తగ్గడం వల్లే. హైదరాబాద్‌లో ఆ గీతను వందల సార్లు చూశారు. చూసి, అది భయపడాల్సింది కాదని సర్దుకున్నారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. లారీ అబద్ధాలకోరు కాడు, బ్రంటన్ మొహమాటపడ్డవాడు కాడు. వాళ్లు చూసింది నిజం. కానీ కొన్ని వేల మందిలో ఒక్కరికి జరిగేదాన్ని ఆరువందల జంతువుల్లో వెతికితే దొరక్కపోవచ్చు. దొరకలేదు కాబట్టి లేదు అన్నారు. ఊపిరా గుండెనా అని రెంటిలో ఒకటి తేల్చాలన్న పట్టుదల, రెండూ కావచ్చునన్న ఆలోచనకు చోటివ్వలేదు. గురువు సైమ్ మాట నిలబెట్టాలన్న తపన కూడా లారీ కళ్లకు కొంత పొర కప్పిందనే నా నమ్మకం.

ఇంకో సంగతి ఆ రోజుల్లో ఎవరికీ తెలిసే వీలే లేదు. మనిషి భయపడినప్పుడు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే గ్రంథుల నుంచి ఒక రసం నెత్తుట్లోకి దూకుతుంది. ఆ గ్రంథుల సారం రక్తపోటును ఎంత పెంచుతుందో ఆలివర్, షేఫర్ చూపింది 1894లో. దాన్ని విడదీసి అడ్రినలిన్ అని పేరు పెట్టింది 1901 నాటికి, జపాన్ నుంచి అమెరికా వెళ్లిన తకమినె. రెండో కమిషన్ మూటాముల్లే సర్దుకున్న అయిదేళ్లకు గానీ దాని జాడే తెలియలేదు.

ఆ జాడ పట్టుకున్నవాడు లండన్ మత్తు డాక్టర్ గుడ్‌మన్ లెవీ. 1911లో పిల్లులకు తేలికగా, పైపైన మత్తెక్కేంత క్లోరోఫాం ఇచ్చి, అప్పుడు రవ్వంత అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కింది గదులు కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెట్టాయి. కండరంలోని ప్రతి పోగూ తనకు తోచినట్టు అదురుతుంది, నెత్తురు మాత్రం కదలదు. నాడి మాయం. గుండె ఆగిన తర్వాత కూడా కాసేపు ఊపిరి ఆడుతూనే ఉంటుంది. లండన్ వాళ్లు యాభై ఏళ్లుగా చెబుతూ వచ్చింది ఇదే. లోతైన మత్తులో ఇది రాలేదు. మందు పట్టడం మొదలైన తొలి క్షణాల్లో, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడు, భయంతో గింజుకునేటప్పుడు వచ్చింది.

మళ్లీ వింలేటన్ కుర్చీ దగ్గరికి వెళ్లండి. ఏడుస్తున్న పిల్ల. అర నిమిషం మందు. సగం మత్తు. గోటి దగ్గర కత్తి తగలగానే విదిల్చిన కాలు. మరుక్షణం తెల్లబడిన మొహం. స్నో అన్నట్టు మోతాదు మించీ కాదు, సింప్సన్ అన్నట్టు బ్రాందీ అడ్డం పడీ కాదు, చాలినంత మత్తు లేకపోవడమూ, భయమూ కలిసి ఆ గుండెను వణికించాయన్నదే ఇప్పుడు చాలామంది మత్తు వైద్యుల మాట.

అందుకే ఈ రోజుల్లో ఆపరేషన్‌కు ముందు రోగి భయం తగ్గించడాన్ని మర్యాద కింద కట్టరు, వైద్యం కిందే కడతారు. మత్తు డాక్టర్ వచ్చి చెయ్యి పట్టుకుని, ఏ ఊరమ్మా మీది, పిల్లలెంతమంది అని అడుగుతారు చూడండి, ఆ మాటలకు కూడా ఒక చరిత్ర ఉంది. తెర మీద గుండె గీతా కనిపిస్తుంది, ఊపిరి గీతా కనిపిస్తుంది. మసి కాగితం మీది ఆ రెండు గీతలే.

హైదరాబాద్ కథలో కమిషన్‌కన్నా ఎక్కువ కాలం నిలిచిన మనిషి ఒకరున్నారు. పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ, పార్సీ కుటుంబం. లారీ 1885లో మెడికల్ స్కూల్ తలుపులు ఆడపిల్లలకు తెరిచినప్పుడు చేరిన మొదటి అయిదుగురిలో ఒకరు. రెండో కమిషన్ నడిచిన 1889లోనే చదువు ముగించి హకీం పట్టా అందుకున్నారు. తర్వాత మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఈవిడేనని వైద్య చరిత్రకారులు చాలామంది రాశారు.

ఇంగ్లండ్‌లో డాక్టర్లు పత్రికల్లో పోట్లాడుకుంటుంటే రూపాబాయి రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్‌లో, ఆడవాళ్ల జనానా ఆసుపత్రిలో రోజూ బల్ల తలవైపు కూర్చుని చుక్క చుక్కగా మందు వేశారు. పరాయి మగవాడి మొహం చూడని పరదా స్త్రీకి, కళ్లు మూతపడే ముందు కనిపించే ఆఖరి మొహం తనలాంటి ఆడమనిషిది కావడం ఎంత ధైర్యమో మనం ఊహించుకోవచ్చు. లెవీ ప్రయోగానికి ఇరవై ఏళ్ల ముందు, ఆ ధైర్యం గుండెకు మందని ఎవరికీ తెలియదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆ మరుసటి ఏడు రూపాబాయి సముద్రం దాటి ఎడిన్‌బరో వెళ్లారు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుకోవడానికి. మత్తుమందు ఆవిరి ఎలా నడుచుకుంటుందో మొదటినుంచీ నేర్చుకోవాలనుకున్నారు కాబోలు. సింప్సన్ భోజనాల బల్ల ఉన్న ఊరది, సైమ్ దగ్గర లారీ పాఠం నేర్చుకున్న ఊరది. ఇరవై ఏళ్లు రోజూ క్లోరోఫాం ఇచ్చిన మనిషి మళ్లీ పలక పట్టుకుని విద్యార్థిగా వెళ్లారు. చదువు పూర్తిచేసుకుని హైదరాబాద్ తిరిగి వచ్చి, 1920లో ఉద్యోగం విరమించారు.

వచ్చే వారం: అమెజాన్ అడవుల్లో బాణపు మొనకు పూసే విషం ఆపరేషన్ థియేటర్‌లోకి ఎలా వచ్చింది.

(సశేషం)